స్కోలిన్ ఇచ్చాక నాలుగు గంటలు: ఒక కేసు, దాని వెనుక వంద తరాలు

ఈ కేసును రోగి అనుమతితో, ఆయన పేరూ ఊరూ బయటపడకుండా రాస్తున్నాను. నేను కోస్తా ఆంధ్రలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్న మత్తు వైద్యుణ్ని. జనాభా జన్యుశాస్త్రం నా వృత్తి కాదు. అయినా ఈ రోగి ఆపరేషన్ బల్ల మీద నాలుగు గంటలు సొంతంగా ఊపిరి తీసుకోలేకపోవడానికి కారణం వెతుకుతూ వెళ్తే, ఆ దారి ఆయన పూర్వీకులు రెండువేల ఏళ్ళకు పైగా ఏ వలయంలో వియ్యమందుకున్నారనే చోటికి చేరింది. అందుకే ఇందులో సగం వైద్యం, సగం చరిత్ర.

రోగి చెప్పింది, నేను అడగనిది

రోగి వయసు 41, బరువు 68 కిలోలు. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతారు. మధ్యాహ్నం భోజనమయ్యాక మొదలైన కడుపునొప్పి, వాంతులతో రాత్రి 10 గంటలకు ఆసుపత్రికి వచ్చారు. అపెండిక్స్ పగిలిందని స్కాన్‌లో తేలింది. షుగర్, బీపీ, ఉబ్బసం లేవు, ఏ మందూ వాడడం లేదు, ఇంతకు ముందు ఎప్పుడూ మత్తు తీసుకోలేదు. ఇవన్నీ అడిగి రాసుకున్నాను. ఇంట్లో మరెవరికైనా మత్తు ఇచ్చినప్పుడు మెలకువ రావడం ఆలస్యమైందా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఆయన అక్క సంగతి అప్పుడే తెలిసేది. ఆ లోపం నాదే.

కడుపు నిండుగా ఉన్న రోగికి మత్తు ఇవ్వగానే కడుపులోనిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, శ్వాసనాళంలో గొట్టం నిమిషం లోపే వేయాలి. అందుకు కండరాలను వేగంగా వదులు చేసే మందు సక్సామిథోనియం. మేమంతా స్కోలిన్ అంటాం. ఇది ఎంత వేగంగా పనిచేస్తుందో అంత వేగంగానూ పోతుంది. రక్తంలో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కాలేయంలో తయారయ్యే ఈ ఎంజైమ్, ఇచ్చిన మోతాదులో ఎక్కువ భాగాన్ని కండరాలను చేరకముందే ముక్కలు చేసేస్తుంది. మిగిలిన కొద్దిపాటి మందు పనిచేసే సమయం మామూలుగా 5 నుంచి 10 నిమిషాలు.

రాత్రి 11:40కి స్పృహ పోగొట్టే మత్తుమందు ప్రొపోఫాల్, వెంటనే స్కోలిన్ 100 మిల్లీగ్రాములు ఇచ్చాను. గొట్టం సులువుగా పడింది. స్కోలిన్ ప్రభావం తగ్గిన గుర్తు కనిపించే దాకా రెండో కండర మందు జోలికి పోకూడదని మాకు నేర్పిన పాత నియమం ఒకటుంది. ఆ నియమమే ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది. 11:55కి ఊపిరి లేదు. 12:15కీ లేదు. మణికట్టు దగ్గర నరానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చి చూస్తే బొటనవేలు ఒక్కసారైనా కదల్లేదు. కండర మందు మరొకటి ఇవ్వకుండానే సర్జన్ పని పూర్తి చేయగలిగారు. 12:45కి కుట్లు వేయడం అయిపోయింది.

కదలిక లేని రోగి దగ్గర మొదట చేయాల్సిన పని వెంటిలేటర్ కొనసాగించడం, రెండోది మత్తును ఆపకుండా ఉంచడం. ఈ రెండో పని మరచిపోవడం తేలిక. ఆపరేషన్ అయిపోయింది కదా అని మత్తు ఆపేస్తే, రోగికి స్పృహ వస్తుంది గానీ కనురెప్ప కూడా కదలదు. చుట్టూ మాటలు వినిపిస్తుంటాయి, గొంతులో గొట్టం తెలుస్తుంటుంది, ఊపిరి తనది కాదని తెలుస్తుంటుంది, తాను మెలకువగా ఉన్నానని చెప్పే మార్గం మాత్రం ఉండదు. అలాంటి అనుభవం నుంచి బయటపడిన వాళ్ళు ఏళ్ళ తరబడి నిద్రకు భయపడతారు. ఆయన బొటనవేలు బలంగా కదిలే దాకా ప్రొపోఫాల్ ధార ఆపలేదు.

మొదటి బలహీనమైన కదలిక 2:50కి వచ్చింది. ఆ దశలో, మామూలుగా ఇతర కండర మందుల ప్రభావాన్ని వెనక్కి తిప్పడానికి వాడే నియోస్టిగ్మిన్ ఇద్దామా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. కానీ ఆ మందు కూడా కోలినెస్టరేజ్‌ను అణచేదే కాబట్టి ఇవ్వలేదు. తాజా ప్లాస్మా ఎక్కిస్తే అందులోని ఎంజైమ్ పనిచేస్తుంది. అయితే వెంటిలేటర్ మీద స్థిమితంగా ఉన్న మనిషికి ఇతరుల రక్తం తాలూకు ప్రమాదాన్ని తగిలించడం న్యాయం కాదనిపించింది. 3:40కి వరసగా ఇచ్చిన నాలుగు విద్యుత్ ప్రేరణలకూ బలమైన కదలికలు, దానితో పాటే సొంత ఊపిరి. 4:10కి గొట్టం తీశాను. తెల్లవారాక అడిగితే, ఆయనకు ఆ రాత్రి ఏదీ గుర్తు లేదు.

పురుగుమందా, పుట్టుకా

కారణాల్లో ముందుగా నా మనసులోకి వచ్చినది ఆయన దుకాణం. మన జిల్లాల్లో కోలినెస్టరేజ్ పడిపోయిందనగానే వైద్యుడు ముందుగా అడిగేది ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు గురించి. కాని కంటిపాపలు చిన్నవి కాలేదు, నోట్లో లాలాజలం ఎక్కువ కాలేదు, ముందు రోజు చెమటలూ విరేచనాలూ లేవు. అయినా రోజూ ఆ డబ్బాల మధ్య కూర్చునే మనిషి కాబట్టి అనుమానం పూర్తిగా వదల్లేదు. మందు పొరపాటున రెండుసార్లు పడిందేమో అని ఖాళీ ఆంప్యూళ్ళు లెక్క చూశాం, ఒకటే ఉంది. ఒంటి ఉష్ణోగ్రత, పొటాషియం, కార్బన్ డయాక్సైడ్ అన్నీ సరిగానే ఉన్నాయి.

రాత్రే తీసిన రక్తం రెండు పరీక్షలకు వెళ్ళింది. ప్లాస్మాలోని కోలినెస్టరేజ్ లీటరుకు 5,000 యూనిట్లకు పైగా ఉండాల్సిన చోట, యంత్రం కొలవగల కనిష్ఠానికి కూడా చేరలేదు. ఎర్రరక్తకణాల మీద ఉండే అసిటైల్ కోలినెస్టరేజ్ మాత్రం నిక్షేపంగా ఉంది. కేసు ముడి విడింది ఇక్కడే. పురుగుమందు ఈ రెండు ఎంజైములనూ దెబ్బతీస్తుంది. పుట్టుకతో వచ్చే లోపం ఒక్క ప్లాస్మా ఎంజైమ్‌నే మాయం చేస్తుంది, ఎందుకంటే రెండింటి జన్యువులు వేరు. ఒకటి 3వ క్రోమోజోమ్ మీద, రెండోది 7వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. రెండు నెలలు దుకాణానికి దూరంగా విశ్రాంతి తీసుకున్నాక మళ్ళీ పరీక్షిస్తే ఫలితం అదే. పురుగుమందు వల్ల తగ్గినదైతే అప్పటికి కోలుకోవాలి.

ఇక్కడ డిబుకైన్ సంఖ్య గురించి ఒక మాట చెప్పాలి. కాలో, జెనెస్ట్ అనే శాస్త్రవేత్తలు 1957లో ప్రవేశపెట్టిన ఈ పరీక్షలో, డిబుకైన్ అనే మందు ఎంజైమ్‌ను ఎంత శాతం అణచగలదో చూస్తారు. మామూలు మనుషుల్లో అది 80 దగ్గర, మార్పు చెందిన జన్యువు ఒక్క ప్రతి ఉన్నవారిలో 60 దగ్గర, రెండు ప్రతులూ మారినవారిలో 20 దగ్గర ఉంటుంది. యూరప్ జనాల్లో ఎక్కువగా కనిపించే మార్పును పట్టడానికి పుట్టిన పరీక్ష ఇది. మా రోగిలో అణచడానికి అసలు ఎంజైమే లేదు. ఒక జనసముదాయాన్ని చూసి తయారుచేసిన కొలబద్ద మరో సముదాయం దగ్గర పనికిరాకుండా పోవడం నాకు అక్కడే మొదటిసారి కళ్ళకు కట్టింది.

జన్యు పరీక్షలో తేలిన మార్పు చిన్నదే. ఎంజైమ్ గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలీన్ ఉంది, అదీ తల్లి నుంచి వచ్చిన ప్రతిలోనూ, తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనూ. ప్రోలీన్ ప్రోటీన్ గొలుసును వంచి బిగించే అణువు. అది తగని చోట పడితే గొలుసు సరిగా ముడుచుకోదు.

ఈ మార్పు కొత్తది కాదు. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, విదేశీ సహచరులతో కలిసి, 2006లో దీన్ని వైశ్య సముదాయంలో గుర్తించి ప్రచురించారు. కోయంబత్తూరులో ఆ సముదాయానికి చెందిన 226 మందిని పరీక్షిస్తే 9 మందిలో ఎంజైమ్ దాదాపు శూన్యంగా ఉంది. అంటే సుమారు 25 మందిలో ఒకరు. యూరప్, అమెరికా జనాభాలో ఇలాంటి శూన్యస్థితి లక్షలో ఒకరికి కనిపిస్తుంది. మా రోగి ఆర్యవైశ్యులు. ఇది జబ్బు కాదని కూడా ఇక్కడే చెప్పాలి: ఆ ఎంజైమ్ లేనివాళ్ళు మామూలుగా తింటారు, పనిచేస్తారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్ళవుతారు. స్కోలిన్ లాంటి మందు ఒంట్లోకి వెళ్ళిన రోజున మాత్రమే తేడా బయటపడుతుంది.

తండ్రి అడిగిన ప్రశ్న

ఫలితాలు వివరించడానికి కుటుంబాన్ని పిలిచినప్పుడు రోగి తండ్రి, డెబ్బై దాటిన పెద్దమనిషి, అంతా శ్రద్ధగా విని, "డాక్టరుగారూ, మాది మేనరికం. మా మేనమామ కూతుర్నే చేసుకున్నాను. వీడికి ఇది నా వల్లనే వచ్చిందాండీ?" అని అడిగారు. ఆ మాటలో ఉన్న బాధ చూశాక, ఉజ్జాయింపుగా ఏదో చెప్పి పంపలేకపోయాను. లెక్క వేసి చెబుతానని వారం గడువు అడిగాను.

ఆ లెక్క ఇది. 25 మందిలో ఒకరికి రెండు ప్రతులూ మారి ఉన్నాయంటే, ఆ సముదాయంలోని ప్రతి ఐదు ప్రతుల్లో ఒకటి మారినదని అర్థం (ఐదింట ఒకటిని ఐదింట ఒకటితో గుణిస్తే ఇరవై ఐదింట ఒకటి). అలాంటి చోట బంధుత్వం లేని ఇద్దరు పెళ్ళి చేసుకున్నా, పుట్టే ప్రతి 100 మంది పిల్లల్లో నలుగురికి ఈ స్థితి వస్తుంది. భార్యాభర్తలు మేనత్త మేనమామ బిడ్డలైతే ఆ నలుగురు ఐదుగురవుతారు. మేనమామే మేనకోడలిని చేసుకుంటే ఆరుగురు. తేడా అంతే. అదే ఒక అరుదైన మార్పును తీసుకుందాం, వెయ్యి ప్రతుల్లో ఒకటే మారినదనుకుందాం. అప్పుడు బంధుత్వం లేని పెళ్ళిళ్ళలో 10 లక్షల మంది పిల్లల్లో ఒకరికి వస్తే, మేనరికంలో 63 మందికి వస్తుంది. మేనరికం అరుదైన జబ్బులను ఎన్నో రెట్లు పెంచేది నిజమే. కానీ ఐదింట ఒకటిగా పరచుకున్న మార్పుకు అది కలిపేది స్వల్పం. (226 మంది చిన్న నమూనా, వాళ్ళలోనూ మేనరికాలు ఉండి ఉంటాయి కాబట్టి ఐదింట ఒకటి అన్నది కాస్త ఎక్కువ అంచనా కావచ్చు. అయినా తర్కం మారదు.)

కాబట్టి తండ్రిగారికి నేను చెప్పిన జవాబు: మీ పెళ్ళి దీనికి మూలం కాదు, మీ తాతల పెళ్ళిళ్ళూ కాదు. మూలం ఇంకా చాలా వెనక ఉంది.

ఆయనకు విత్తనాల వ్యాపారం తెలుసు కనుక ఆ భాషలోనే వివరించాను. పది పుట్ల ధాన్యమున్న గాదెలో వేరు రకం గింజలు అక్కడక్కడా ఉంటే ఎవరికీ కనిపించవు. ఆ గాదెలోంచి ఒక దోసెడు గింజలు తీసుకుని కొత్త పొలం వేశారనుకోండి. ఆ దోసిట్లో వేరు రకం గింజ ఒకటి పడితే, కొత్త పొలంలో దాని వాటా గాదెలో ఉన్న దానికన్నా ఎన్నో రెట్లు. ఆపైన ప్రతి ఏడూ ఆ పొలం పంటనే విత్తనంగా వాడుతూ, బయటి విత్తనం రానివ్వకపోతే, వందో పంటలోనూ ఆ వాటా అలాగే ఉంటుంది. పొలం వేయి ఎకరాలకు పెరిగినా సరే. దీన్నే జన్యుశాస్త్రంలో స్థాపక ప్రభావం అంటారు. ఇందులో రెండు షరతులున్నాయి, దోసెడు గింజలు ఒకటి, మూసిన గట్టు రెండోది. రెండూ ఉంటేనే ఫలితం నిలుస్తుంది.

గట్టు ఎప్పుడు వేశారు

ఆ దోసెడు ఎప్పటిదో చెప్పిన పరిశోధనలో హైదరాబాదుకు పెద్ద పాత్ర ఉంది. అక్కడి సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి) చెందిన లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వెలువరించారు. 25 సముదాయాలకు చెందిన 132 మంది జన్యువుల్లో ఐదు లక్షలకు పైగా స్థానాలను పోల్చి చూశారు. అందులో వైశ్యుల గురించి ఉన్న భాగాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. వాళ్ళ స్థాపక ఘటన 100 తరాలకు పూర్వం జరిగిందనీ, ఆ తర్వాత ప్రతి తరంలోనూ బయటి నుంచి వచ్చిన జన్యువుల వాటా ముప్పయ్యో వంతు కన్నా తక్కువేననీ లెక్క తేలింది. ముప్పయ్యో వంతు చొప్పున వచ్చినా వంద తరాల్లో ఆ గుర్తు కరిగిపోయేది. కరగలేదు కనుక గట్టు అంతకన్నా బిగువుగా ఉన్నట్టు.

ఇలాంటి కాలాన్ని రక్తంలో ఎలా చదువుతారంటే, ఒకే పూర్వీకుడి నుంచి ఇద్దరికి వచ్చిన డీఎన్ఏ ముక్క ప్రతి తరంలోనూ కోతపడి పొట్టిదవుతుంది. ముక్కలు పొడుగ్గా ఉంటే ఉమ్మడి పూర్వీకుడు దగ్గరివాడు, పొట్టిగా ఉంటే దూరపువాడు. వైశ్యుల్లో ఉమ్మడి ముక్కలు చాలా ఉన్నాయి, కాని పొట్టివి. నేటి మేనరికాల గుర్తయితే పొడుగు ముక్కలుగా కనిపించాలి. తండ్రిగారి ప్రశ్నకు ఇది రెండో జవాబు, నా లెక్కకన్నా గట్టిది.

అంతకు ముందు ఏముంది? ఇక్కడ కథ బాగా వెనక్కి వెళ్తుంది. మానవజాతి పుట్టిల్లు ఆఫ్రికా. తల్లుల ద్వారా మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏను పోల్చి 1987లో కాన్, స్టోన్‌కింగ్, విల్సన్ ఆ సంగతిని జన్యువుల్లో చూపించారు. ఆఫ్రికా దాటి వచ్చినవాళ్ళూ ఒక దోసెడే. అందుకే మిగతా ప్రపంచమంతటి జన్యు వైవిధ్యం ఆఫ్రికా వైవిధ్యం కన్నా తక్కువ. మనమందరం ఒక పాత స్థాపక ప్రభావానికి వారసులమే. భారతదేశంలో మొదట స్థిరపడ్డ ఆ జనాల ఆనవాలు అండమాన్ ద్వీపవాసుల్లో ఎంత స్పష్టంగా ఉందో 2005లో సీసీఎంబీ బృందమే సైన్స్ పత్రికలో చూపించింది. ప్రధాన భూభాగంలో మాత్రం ఆ తొలి జనం, ఇరాన్ వైపు ప్రాచీన జనాలతో సంబంధమున్నవాళ్ళు, ఆ తర్వాత యురేషియాలోని స్టెప్పీ గడ్డిమైదానాల నుంచి వచ్చినవాళ్ళు కలగలిసిపోయారు.

ఈ కలయికను ఎముకల్లో చూడాలని చేసిన ప్రయత్నాల్లో హర్యానాలోని రాఖీగఢీది నాకు బాగా గుర్తుండిపోయింది. సింధు నాగరికత కాలపు ఆ నగరపు శ్మశానంలో తీసిన 61 నమూనాల్లో, వేడికీ తేమకీ తట్టుకుని చదవదగ్గ డీఎన్ఏ మిగిలింది ఒక్క స్త్రీ ఎముకలోనే. 2019లో సెల్ పత్రికలో వచ్చిన ఆ ఫలితంలో ఆమెకు స్టెప్పీ వారసత్వం లేదు. ఆమెలోని ఇరాన్ సంబంధిత వారసత్వం, అక్కడ వ్యవసాయం మొదలవక ముందే విడిపోయిన పాయకు చెందింది. అదే ఏడాది సైన్స్ పత్రికలో 523 మంది ప్రాచీన వ్యక్తుల డీఎన్ఏతో వచ్చిన పరిశోధన, స్టెప్పీ వారసత్వం దక్షిణాసియాలోకి క్రీ.పూ. 2000, 1500 మధ్య ప్రవేశించిందని చూపింది. కలయిక ఎప్పటిదాకా సాగిందో 2013లో వచ్చిన మరో లెక్క చెబుతుంది. 73 సముదాయాల మీద చేసిన ఆ పరిశీలనలో కలయిక కాలం 4,200 ఏళ్ళ క్రితం నుంచి 1,900 ఏళ్ళ క్రితం వరకు పరచుకుంది. గిరిజనులు, అగ్రకులాలు, దళితులు అన్న తేడా లేకుండా పరిశీలించిన ప్రధాన భూభాగ సముదాయాలన్నింటిలోనూ ఆ కలయిక ఉంది. శుద్ధ రక్తం అనే మాటకు ఈ దేశంలో ఆధారం లేదు. నేను ఈ వాక్యాన్ని ఎంతో ఇష్టంగా రాస్తున్నాను.

గట్టు ఎప్పుడు పడిందన్న దాని మీద మాత్రం అన్ని లెక్కలూ ఒకే ఏడాది చూపవు. పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ఉన్న జాతీయ జీవవైద్య జన్యుశాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు 2016లో, కొన్ని అగ్రకులాల్లో బయటి వివాహాలు సుమారు 70 తరాల క్రితం ఉన్నట్టుండి ఆగిపోయాయని చూపారు. తరానికి 22.5 ఏళ్ళ చొప్పున అది 1,575 ఏళ్ళు, అంటే గుప్తుల కాలం. 2013 పరిశోధకుల్లా తరానికి 29 ఏళ్ళు వేస్తే అవే 70 తరాలు 2,000 ఏళ్ళు దాటతాయి. సాధారణ పాఠకుడు ఇలాంటి అంకెలు చదివేటప్పుడు తరం పొడవెంత అని ముందు అడగాలి. ఆ సవరణ చేసినా వైశ్యుల 100 తరాలు వీటికన్నా పాతవే. దీన్నిబట్టి గట్లు దేశమంతటా ఒక్క రాజాజ్ఞతో, ఒక్క శతాబ్దంలో పడలేదని నా అభిప్రాయం. కొన్ని వలయాలు ముందే మూసుకున్నాయి, కొన్ని ఆలస్యంగా మూసుకున్నాయి.

ఈ మూసివేతల ఫలితం ఎంత విస్తృతమో 2017లో నేచర్ జెనెటిక్స్ వ్యాసం చూపించింది. దక్షిణాసియాలోని 263 సముదాయాలను పరిశీలిస్తే, 81 సముదాయాల్లో స్థాపక ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లోనూ అష్కెనాజీ యూదుల్లోనూ ఉన్నదాని కన్నా బలంగా ఉంది. వాటిలో 14 సముదాయాల జనాభా పది లక్షలకు పైనే. వైశ్యులది ఒక్కరి కథ కాదు; వాళ్ళ విషయంలో ఒక మందు సాక్షిగా దొరికింది, అంతే. మిగిలిన 80 వలయాల్లో ఏ జన్యువు దోసిట్లో పడిందో వైద్యులం ఇంకా ఒక్కొక్కటిగా తెలుసుకోవాల్సి ఉంది.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సిన ఉదాహరణ గుండె కండరానికి చెందిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఊడిపోయిన లోపం. దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఇది ఉందని తంగరాజ్ తదితరులు 2009లో చూపారు. అది ఏ ఒక్క కులానికీ పరిమితం కాదు, ప్రాంతాలూ భాషలూ దాటి ఉంది. అంత విస్తరణ ఉందంటే గట్లు పడక ముందే, జనం కలిసిపోతున్న కాలంలోనే అది దేశమంతా పాకిందన్నమాట. ఒకే రోగి ఒంట్లో ఈ రెండు రకాల వారసత్వాలూ పక్కపక్కనే ఉండవచ్చు.

గోత్రం, మేనరికం, పెనుగొండ

జన్యువులు వివాహ వలయం గురించి చెబుతాయి, పేరు గురించి చెప్పవు. వంద తరాల క్రితం ఆ వలయంలోని వాళ్ళు తమను వైశ్యులనుకున్నారా, కోమట్లనుకున్నారా, మరేదైనా అనుకున్నారా అన్నది రక్తంలో రాసి ఉండదు. కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు ధాతుపేటికల (బౌద్ధ అవశేషాలు దాచిన పెట్టెల) మీద క్రీస్తు పూర్వమే 'నేగమ' సభ్యుల పేర్లు చెక్కించారు. అంటే ఈ నేలమీద పట్టణ, వర్తక సంఘాలు అప్పటికే ఉన్నాయి. అయితే సంఘంలో సభ్యత్వం వేరు, వియ్యం వేరు. ఆ పేటికలను నేటి ఏ కులానికీ నేరుగా ముడిపెట్టకూడదు.

సముదాయం తన గురించి తాను చెప్పుకునే గాథను మాత్రం వైద్యుడు వినాలి. రోగి తండ్రి నాకు పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి కథ చెప్పారు. 714 గోత్రాల వాళ్ళలో 102 గోత్రాల వాళ్ళు అమ్మవారి వెంట నిలిచి అగ్నిప్రవేశం చేశారని, తామంతా ఆ 102 గోత్రాల సంతతి అని భక్తితో చెప్పారు. నేను ఆ గాథను చరిత్రకు సాక్ష్యంగా వాడను, దాని కాలాన్ని జన్యువుల కాలంతో పోల్చను. కాని ఒక పెద్ద సమూహంలోంచి కొద్దిమంది విడివడి నిలిచారనీ, మనం ఆ కొద్దిమంది బిడ్డలమనీ ఒక సముదాయం తరతరాలుగా గుర్తుంచుకోవడం నన్ను కదిలించింది.

గోత్రానికి మరో పాత్ర ఉంది. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి పోతుంది, సగోత్రంలో పెళ్ళి నిషిద్ధం. మేనమామది వేరే గోత్రం కనుక అతని కూతురు నిషేధంలోకి రాదు. పైగా మేనరికం హక్కుగా సాగింది. గోత్ర నియమం తండ్రి వైపు బంధుత్వాన్ని దూరం పెట్టి, తల్లి వైపు తలుపు తెరిచి ఉంచింది. అందుకే 102 గోత్రాలు ఉన్నా వలయం లోపలి జన్యు సంపద 102 వేర్వేరు పాయలుగా ఉండదు, ఒకే చెరువులా ఉంటుంది. గోత్రాలు వేరైతే చాలు, ప్రమాదం ఉండదని చాలా కుటుంబాల్లో ఉన్న నమ్మకాన్ని ఈ కేసు దగ్గర నేను సున్నితంగా సరిదిద్దాల్సి వచ్చింది.

కుటుంబంలో తేలినవి

తండ్రిగారు తిరిగి వచ్చినప్పుడు వెంట ఒక పాత ఖాతా పుస్తకం తెచ్చారు. అందులో ఐదు తరాల వంశవృక్షం, ఆడపడుచులు మెట్టిన ఇళ్ళ గోత్రాలతో సహా, తన చేతిరాతతో రాసి ఉంది. దాని ఆధారంగా పదకొండు మందిని పరీక్షించాం. రోగి అక్కకు రెండు ప్రతులూ మారి ఉన్నాయి. పన్నెండేళ్ళ క్రితం కాన్పు ఆపరేషన్ అప్పుడు ఆమెకు మెలకువ చాలా ఆలస్యంగా వచ్చిందనీ, "మత్తు ఎక్కువైంది" అని చెప్పారనీ అప్పుడు బయటపడింది. కాగితం మీద ఎవరూ ఏమీ రాసివ్వలేదు. తమ్ముడికి ఒక ప్రతి మారింది. తల్లిదండ్రులిద్దరికీ ఒక్కొక్క ప్రతి. రోగి భార్య వైపు కూడా ఒక ప్రతి ఉండటంతో వాళ్ళ ఇద్దరు పిల్లల్లో చిన్నమ్మాయికి తండ్రి స్థితే వచ్చింది. రోగికీ భార్యకూ తెలిసిన బంధుత్వం ఏదీ లేదు. వారం పట్టి నేను వేసిన లెక్కకు ఆ చిన్నమ్మాయి ఫలితం సజీవ నిదర్శనంగా నిలిచింది.

రెండు ప్రతులూ మారిన ముగ్గురికీ కార్డులు రాసిచ్చాను. స్కోలిన్‌తో పాటు, అదే ఎంజైమ్ కరిగించే మరో కండర మందు మైవక్యూరియం కూడా వద్దని, క్లోరోప్రోకైన్ లాంటి ఎస్టర్ రకం తిమ్మిరి మందులు తప్పించాలని, గొట్టం త్వరగా వేయాల్సి వస్తే ఈ ఎంజైమ్‌తో పనిలేని కండర మందు రోకురోనియం వాడి, దాన్ని సుగమడెక్స్‌తో వెనక్కి తిప్పవచ్చని అందులో ఉంది. మా థియేటర్ మత్తు పత్రంలో "కుటుంబంలో ఎవరికైనా మత్తు తర్వాత మెలకువ ఆలస్యమైందా?" అన్న గడిని చేర్చాం. కులం గడి పెట్టలేదు. ఆ ప్రశ్న ఏ కులం వాళ్ళనైనా అడగాల్సిందే, మిగిలిన 80 వలయాల సంగతి పైన చెప్పాను.

మరుసటి ఏడాది అక్కగారు పిత్తాశయంలో రాళ్ళతో అత్యవసరంగా మరో ఊరి ఆసుపత్రిలో చేరారు. అక్కడి మత్తు వైద్యురాలు రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి, కార్డు చూశాననీ, రోకురోనియం సిద్ధం చేసుకున్నాననీ చెప్పారు. గంటన్నర తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. ఆపరేషన్ అయిపోయింది, గొట్టం తీసేశారు, ఆమె పేరు పిలిస్తే పలుకుతున్నారు.